కళింగపట్నం దగ్గర తాతగారి ఇల్లు: రిసార్టు కట్టాలా, హోమ్‌స్టే నడపాలా?

మీరు అడిగినదాన్ని ముందు క్లుప్తంగా మళ్ళీ చెప్పుకుంటాను, పొరపాటుంటే సరిదిద్దండి. గార మండలంలో, కళింగపట్నానికి కాస్త ఇవతల, మీ తాతగారి పెంకుటిల్లు, దాన్ని ఆనుకొని అరవై సెంట్ల కొబ్బరితోట ఉన్నాయి. మీరు హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నారు. ఇంట్లో మీ చిన్నాన్నగారు, పిన్నిగారు ఉంటున్నారు. తోట చదును చేసి పది పన్నెండు కాటేజీల రిసార్టు కట్టాలా, లేక ఉన్న ఇంటినే హోమ్‌స్టేగా మార్చాలా, అసలు అక్కడికి పర్యాటకులు వస్తారా, వస్తే ఊరికి మేలా కీడా అన్నది మీ ప్రశ్న.

నా సమాధానం: రిసార్టు వద్దు. ఉన్న ఇంట్లోనే రెండు గదులు, మహా అయితే మూడు, బాగుచేయించి అతిథులకు ఇవ్వండి. అదీ మీ చిన్నాన్నగారు, పిన్నిగారు మనస్ఫూర్తిగా సరేనంటేనే. వారికి ఇష్టం లేకపోతే ఇంటికి సున్నం వేయించి, మీరే పండుగలకు వెళ్ళి రండి.

ఇంత తెగేసి చెప్పడానికి నా అనుభవమే కారణం. 1997 నుంచి 2018 వరకు శ్రీకాకుళంలో బస్సు కాంప్లెక్సుకు నడిచివెళ్ళేంత దూరంలో పదహారు గదుల లాడ్జీ నడిపాను. ఆ తరువాత దాన్ని వదులుకొని, శ్రీకూర్మం వైపు ఉన్న మా సొంత ఊరిలో, మేముంటున్న ఇంట్లోనే రెండు గదులు అతిథులకు ఇస్తున్నాను. ఇరవై ఒక్క సంవత్సరాల లాడ్జీ రిజిస్టర్లు ఇప్పటికీ మా అటక మీద ఉన్నాయి. వాటిని తిరగేస్తే మందుల కంపెనీల ప్రతినిధులు, కోర్టు వాయిదాలకు వచ్చినవారు, పెళ్ళివారు, బదిలీ మీద వచ్చి ఇల్లు దొరికేదాకా ఉన్న ఉద్యోగులు, రథసప్తమికి అరసవల్లి వచ్చిన భక్తులు కనబడతారు. "చూడటానికి వచ్చాము" అని రాసినవారిని వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు.

దీనికి కారణం మన దగ్గర చూడదగినవి లేకపోవడం కాదు. విశాఖపట్నం నుంచి శ్రీకాకుళానికి నూరు కిలోమీటర్లకు కొంచెం పైన, జాతీయ రహదారి మీద రెండు రెండున్నర గంటల ప్రయాణం. విశాఖలో బస చేసిన కుటుంబం తెల్లవారి బయలుదేరి అరసవల్లి సూర్యనారాయణస్వామిని, శ్రీకూర్మనాథుని దర్శించుకొని, కళింగపట్నం ఒడ్డున గంటసేపు కూర్చొని, రాత్రి భోజనానికి విశాఖ చేరుకుంటుంది. మన ఊళ్ళలో వారు పెట్టే ఖర్చు కొబ్బరికాయ, కొబ్బరిబోండం, పూజ టికెట్టు, ఒక పూట భోజనం. గది తీసుకోవలసిన అవసరమే వారికి రాదు. కనుక మీరు అమ్మవలసినది గది కాదు, రాత్రి ఉండిపోవడానికి ఒక కారణం. ఇది తెలియక, బీచ్ కనబడితే చాలు గదులు నిండుతాయని పెట్టుబడి పెట్టినవారిని చాలామందిని చూశాను.

ఆ కారణం మీ చుట్టూనే ఉంది. కళింగపట్నానికి దగ్గరలోనే, వంశధార దక్షిణపు ఒడ్డున, శాలిహుండం కొండ మీద బౌద్ధ స్తూపాలు, చైత్యాలు ఉన్నాయి. 1919లో వాటిని గుర్తించి లోకానికి తెలియజేసినది మన గిడుగు రామమూర్తిగారు. వ్యావహారిక భాష కోసం పోరాడిన ఆ పంతులుగారే. ఆ కొండను మిట్టమధ్యాహ్నం ఎక్కినవారికి రాళ్ళు, చెమట తప్ప ఏమీ గుర్తుండదు. సూర్యోదయం వేళకు ఎక్కితే ఒకవైపు వంశధార వంపు, దూరాన సముద్రం కనబడతాయి. తెల్లవారుజామున అక్కడ ఉండాలంటే ముందు రాత్రి మీ ఇంట్లో పడుకోవాలి. శ్రీముఖలింగం కూడా అంతే. తూర్పు గాంగుల తొలి రాజధాని కళింగనగరం అదేనని చరిత్రకారులు ఎక్కువమంది భావిస్తారు. మధుకేశ్వర, సోమేశ్వర, భీమేశ్వరాలయాల శిల్పం నిదానంగా చూడవలసినది. విశాఖ నుంచి ఒక్కరోజు తిరుగుడులో అది ఇమడదు. శీతాకాలంలో అయితే టెక్కలి దగ్గర తేలినీలాపురానికి గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు వచ్చి చెట్ల మీద గూళ్ళు కడతాయి. (అవి సైబీరియా నుంచి వస్తాయని అందరూ చెబుతారు, నేను కూడా చాలాకాలం అతిథులకు అలాగే చెప్పాను. ఒకసారి పక్షుల మీద పనిచేసే ఒక అతిథి నన్ను మర్యాదగా సరిదిద్దారు: ఆ రెండు జాతులూ దక్షిణాసియా పక్షులే, సైబీరియాకు వాటితో సంబంధం లేదు. మీరు మాత్రం మొదటి నుంచే సరిగా చెప్పండి.)

మా ఇంటికి వచ్చేవారు ప్రధానంగా మూడు రకాలు. విశాఖ నుంచి శని, ఆదివారాలకు వచ్చే కుటుంబాలు ఒక రకం. రెండోవారు మనవాళ్ళే: ఇక్కడ పుట్టి హైదరాబాదు, బెంగుళూరు, ఇంకా పై దేశాల్లో స్థిరపడి, ఊరిలో ఇల్లు అమ్ముకున్నాక పెళ్ళికో గ్రామదేవత పండుగకో వచ్చినప్పుడు ఎవరింట్లో దిగాలో తెలియనివారు. వీరు బేరమాడరు, మళ్ళీ మళ్ళీ వస్తారు. మూడోవారు శ్రీకూర్మంలో పితృకార్యాలకు వచ్చేవారు. వీరిలో ఒడిశా వైపు నుంచి వచ్చేవారు కూడా ఉంటారు. వీరి విషయంలో ఒక జాగ్రత్త చెప్పాలి. కార్యానికి వచ్చినవారికి నీచు వాసన తగిలిన గిన్నెలో వండి పెడితే మీ ఇంటి పేరు ఒక్కరోజులో పోతుంది. మా ఇంట్లో చేపలకు పెరటి పొయ్యి వేరు, గిన్నెలు వేరు. మీ పిన్నిగారికి ఇది నేను చెప్పవలసిన పని లేదనుకోండి.

బస రకాల గురించి ఎక్కువ చెప్పను. దేవస్థానం గదులు, సత్రాలు భక్తులకు చవకలో సరిపోతాయి, వాటితో పోటీ పడకండి. పట్నంలోని లాడ్జీలు పని మీద వచ్చినవారివి. మిగిలినది మీరు ఆశపడుతున్న రిసార్టు, దాని గురించి మాత్రం వివరంగా చెప్పాలి.

రిసార్టుకు ఖర్చు ఏడాది పొడుగునా ఉంటుంది, రాబడి మాత్రం నాలుగు నెలలే. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు, అందులోనూ కార్తీక వనభోజనాలు, క్రిస్మస్ సెలవులు, సంక్రాంతి రోజులకు గిరాకీ. ఏప్రిల్, మే నెలల ఉక్కలో మన ఒడ్డుకు ఎవరూ సరదాగా రారు. దసరా సెలవులు బాగుంటాయని లెక్క వేసుకుంటే అవి సరిగ్గా తుపానుల కాలంలో పడతాయి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస వైపు తీరం దాటినప్పుడు ఉద్దానం కొబ్బరి, జీడితోటలు ఎలా నేలకూలాయో మీకు గుర్తుండే ఉంటుంది. 2021 సెప్టెంబరు 26న గులాబ్ తుపాను తీరం దాటినది మీ కళింగపట్నానికి సమీపంలోనే. మీ తాతగారి పెంకుటిల్లు ఇన్ని తుపానులకు నిలిచిందంటే, ఎత్తు తక్కువగా, ఊరి మధ్యలో, చెట్ల చాటున కట్టడం వల్లనే. సముద్రానికి ఎదురుగా అద్దాల గోడలతో కట్టే కాటేజీలకు ఆ చాటు ఉండదు. తుపాను లేని సంవత్సరంలో కూడా ఉప్పుగాలి తన పని తాను చేసుకుపోతుంది: ఏసీల బయటి పెట్టెలు, తలుపు బందులు, కుళాయిలు, చివరికి స్లాబులోని ఇనుము కూడా తుప్పు పడతాయి.

ఇక చట్టం. తీరప్రాంత నియంత్రణ నిబంధనల ప్రకారం గ్రామీణ తీరంలో జనసాంద్రత తక్కువగా ఉన్నచోట పోటురేఖ (పోటు సమయంలో సముద్రపు నీరు చేరే హద్దు) నుంచి 200 మీటర్ల వరకు కొత్త కట్టడాలకు వీలులేని ప్రాంతం. 2019 నాటి నోటిఫికేషను జనసాంద్రత ఎక్కువగా ఉన్న గ్రామీణ తీరానికి దీన్ని 50 మీటర్లకు తగ్గించింది. మీ భూమి ఏ కోవలోకి వస్తుందో తీరమండల పటం చూసి తెలుసుకోవాలి, అమ్మేవారి మాట మీద కాదు. ఇంకొక మెలిక ఉంది: ఇలాంటి నిషేధం సముద్రపు ఒడ్డునే కాక, పోటు నీరు ఎక్కే నదీ ముఖం, పాయల వెంట కూడా ఉంటుంది, దూరం లెక్క మాత్రం వేరు. మీరున్నది వంశధార సముద్రంలో కలిసే చోటు. అదే నోటిఫికేషను తీరవాసులు తమ పాత ఇళ్ళ విస్తీర్ణం, ముఖరూపం మార్చకుండా హోమ్‌స్టే నడుపుకోవడానికి వెసులుబాటు ఇచ్చింది. అంటే చట్టం కూడా మిమ్మల్ని పాత ఇంటి వైపే తోస్తున్నది.

ఇప్పుడు నీటి సంగతి. మీరు ఊరికి కీడా అని అడిగారు గనుక నేను ఎక్కువ భయపడేది దీని గురించే. ఒడ్డున ఇసుక నేలలో మంచినీరు ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది, పాల మీద మీగడలాగా. సముద్రమట్టానికి పైన ఆ మంచినీటి మట్టం ఒక్క అడుగు తగ్గితే, కింద రెండు నీళ్ళూ కలిసే హద్దు లెక్క ప్రకారం సుమారు నలభై అడుగులు పైకి జరుగుతుంది. అందుకే చేదతో తోడుకునే పాత నుయ్యి వంద సంవత్సరాలు తియ్యగా ఉంటుంది, పక్కనే లోతైన బోరు వేసి మోటారు పెడితే కొన్నేళ్ళకే ఉప్పు తిరుగుతుంది.

మా బంధువు ఒకాయన, మన తీరంలోనే వేరే ఊరిలో, ఎనిమిది కాటేజీలు, చిన్న ఈతకొలను కట్టాడు. కొలను నింపడానికి, పచ్చిక తడపడానికి, రోజూ దుప్పట్లు ఉతకడానికి రెండు బోర్లు తిరిగేవి. మూడో వేసవికి తన బోరు కంటే ముందు పక్కింటి ముసలమ్మ నుయ్యి ఉప్పెక్కింది. ఆమె పంచాయతీకి వెళ్ళలేదు, ఎవరినీ తిట్టలేదు. బిందె పట్టుకొని రోజూ వీళ్ళ గేటు దగ్గర నిలబడేది, అంతే. వీళ్ళు ట్యాంకరు తెప్పించి ఆమెకు నీళ్ళు పోసేవారు. వానలు పడ్డాక కూడా ఆ నుయ్యి పూర్తిగా తేరుకోలేదు. ఆయన వ్యాపారం మూతపడటానికి వేరే కారణాలు చాలా ఉన్నాయి గాని, ఊరివాళ్ళు ఇప్పటికీ ఆ కాటేజీలను గుర్తుపెట్టుకున్నది ఆ బిందెతోనే. ఉద్దానంలో కిడ్నీ జబ్బుతో దశాబ్దాలుగా బాధపడుతున్న జిల్లా మనది. దాని కారణం మీద పరిశోధకులు ఇంకా ఒక మాట మీదికి రాలేదు గాని, తాగే నీరు అనేసరికి ఇక్కడి జనానికి ప్రాణం లేచి వస్తుంది. ఇది మరచి ఈతకొలను తవ్వకండి.

తాబేళ్ళ గురించి కూడా రాయాలి. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్ళు మన ఇసుకలో గుడ్లు పెడతాయి. ఒక్కో గూటిలో నూరు దాకా గుడ్లు ఉంటాయి, నలభై అయిదు నుంచి అరవై రోజుల్లో పిల్లలు బయటికి వస్తాయి. రాత్రివేళ పుట్టిన పిల్ల నీటి మీది వెలుగును చూసి సముద్రం వైపు పాకుతుంది; ఒడ్డున దానికంటే ఎక్కువ వెలుగు ఉంటే అటు తిరుగుతుంది. ఆ బంధువు ఇంటికే ఒక మార్చి నెలలో వెళ్ళినప్పుడు, తెల్లవారి లేచి చూస్తే వరండా దీపం కింద పదీ పదిహేను పిల్లలు ఎండిపోయి పడివున్నాయి. ఇది వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 మొదటి షెడ్యూలులో, అంటే అత్యధిక రక్షణ ఉన్న జాబితాలో, ఉన్న జీవి. మీ ఇల్లు ఒడ్డుకు కొంత దూరంగా ఉంది కనుక దీపం బాధ తక్కువే. కాని కనబడని బాధ ఇంకొకటి ఉంది: వనభోజనాలకు వచ్చినవారు సరుగుడు తోటల్లో వదిలేసిన అన్నం, ఎముకలకు కుక్కలు మరుగుతాయి, జనం వెళ్ళాక అవే కుక్కలు ఇసుక తవ్వి గుడ్లు తింటాయి. అతిథులకు ఒడ్డు మీద భోజనం పెట్టకండి, ఎంత అడిగినా సరే. ఇంట్లో అరటాకులో పెట్టండి, ఆకు గేదెకు వేయండి.

మత్స్యకారులకు ఒడ్డు అంటే ప్రకృతి దృశ్యం కాదు, పనిచేసే చోటు. తెప్పలు లాగడానికి, వలలు ఆరబెట్టడానికి, చేపలు ఎండబెట్టడానికి అదే స్థలం. ఎండుచేపల వాసన వస్తున్నదని ఫిర్యాదు చేసిన అతిథికి నేను డబ్బు తిరిగి ఇచ్చి పంపించాను, మీరు కూడా అలాగే చేయండి. మగవాళ్ళు చాలామంది గుజరాత్‌లోని వెరావల్ పోయి బోట్ల మీద పనిచేస్తారు. మీ రెండు గదులతో ఆ వలస ఆగుతుందని ఎవరైనా ప్రసంగిస్తే నమ్మవద్దు. అయినా కొంత మేలు ఉంటుంది. మా ఇంటికి వచ్చే డబ్బులో పాలకు, చేపలకు, ఆటోకు, బట్టలు ఉతికే మనిషికి, శాలిహుండం తీసుకువెళ్ళే కుర్రవాడికి పోయేది దాదాపు సగం. రిసార్టు అయితే సరుకులు విశాఖ నుంచి, వంటవాడు ఇంకెక్కడి నుంచో వస్తాడు. ఊరివారికి మిగిలేది కాపలా పని, ఊడ్పు పని. పైగా ఒక రిసార్టు వచ్చిందంటే చుట్టుపక్కల భూమి ధర పెరుగుతుంది, పెరిగాక అమ్ముకున్నవాడు మళ్ళీ అక్కడ సెంటు కొనలేడు. భోగాపురం విమానాశ్రయం పేరు చెప్పి దళారులు తిరగడం మీరు కూడా చూసే ఉంటారు.

నడిపే పద్ధతిలో నేను దెబ్బతిని నేర్చుకున్నవి కొన్ని చెబుతాను. మొదటి సంవత్సరం డిసెంబరు 31కి పదకొండుమంది కుర్రాళ్ళకు రెండు గదులూ ఇచ్చాను. అర్ధరాత్రి సీసాలు పగిలాయి, పక్కింటివారు నాతో నెల రోజులు మాట్లాడలేదు. అప్పటి నుంచి కుటుంబాలకే ఇస్తాను, గదికి ముగ్గురు, మద్యం లేదు. దీనివల్ల పోయే గిరాకీ పోనివ్వండి. రెండోది సముద్ర స్నానం. వంశధార ముఖం దగ్గర నీటి లాగు పైకి కనబడదు, ఈత వచ్చినవారిని కూడా తీసుకుపోతుంది. మోకాలి లోతు దాటనివ్వకండి, మీ ఊరి జాలరి ఒకరికి కొంత ఇచ్చి తోడు పంపండి. మూడోది చేపలు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరబోట్ల వేటకు నిషేధం ఉంటుంది. ఆ రోజుల్లో వంజరం పెడతానని మాట ఇచ్చి ఐసు చేప పెట్టకండి. పనసపొట్టు ఆవకూర, చోడి అంబలి, ముంజెలు పెట్టండి, చేపల కంటే వాటినే ఎక్కువగా గుర్తుంచుకుంటారు.

కాగితాల పని ఎక్కువ లేదు, కాని వదలకూడదు. పంచాయతీకి తెలియజేయండి, పర్యాటక శాఖలో నమోదు చేయించండి. కేంద్ర పర్యాటక శాఖ బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్ పథకం కింద ఒకటి నుంచి ఆరు గదుల దాకా గుర్తింపు ఇస్తారు, యజమాని కుటుంబం ఆ ఇంట్లోనే ఉండాలన్నది అందులో ముఖ్యమైన షరతు. వచ్చిన ప్రతివారి గుర్తింపు కార్డు చూసి రిజిస్టరులో రాయండి. విదేశీయులు దిగితే ఇరవై నాలుగు గంటల్లో వారి వివరాలు అధికారులకు ఆన్‌లైన్‌లో పంపాలి. మన అమెరికా పిల్లల్లో అక్కడి పౌరసత్వం తీసుకున్నవారు కూడా ఈ లెక్కలోకే వస్తారు, చాలామంది ఇక్కడే పొరబడతారు. ఏడాది రాబడి 20 లక్షలు దాటేదాకా జీఎస్టీ నమోదు అవసరం రాదు, రెండు గదులతో మీరు ఆ దరిదాపులకు వెళ్ళరు.

రెండు గదులకు లోపలే మరుగుదొడ్డి, ఇన్వర్టరు, దోమతెరలు, వెడల్పు మంచాలు, ఇంతే చాలు. పెంకులు తీసి స్లాబు వేయకండి. మరుగుదొడ్డి గొయ్యి నూతికి వీలైనంత దూరంగా, నేలవాలుకు దిగువన ఉండాలి. నేను గదికి రోజుకు 1,800 రూపాయలు తీసుకుంటున్నాను, భోజనం వేరు. ఉద్యోగం మానుకొని దీని మీద బతకాలని అనుకుంటే మాత్రం ఇది చాలదు. మీ చిన్నాన్నగారి దంపతులకు నెల ఖర్చులు, ఇంటి మరమ్మతు వెళ్ళిపోతాయి. తోట తోటగానే ఉంటుంది, కొబ్బరి రాబడి ఎలాగూ ఉంది.

ఇదే సలహా విజయనగరం వైపు పనికిరాదని కూడా చెప్పాలి, ఎందుకంటే అటువైపు రామతీర్థం దగ్గర తమ స్థలం గురించి మరొకరు కూడా నన్ను ఇదే అడిగారు. విజయనగరం విశాఖకు మరీ దగ్గర. కోట, రామతీర్థం, చింతపల్లి ఒడ్డు చూసుకొని సాయంత్రానికి తిరిగి వెళ్ళిపోవచ్చు. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం నాడు ఎక్కడా గది దొరకదు, కాని ఆ ఒక్కరోజు కోసం ఎవరూ గదులు కట్టరు. అక్కడ రాత్రి బస కంటే మంచి మధ్యాహ్న భోజనశాల నడుస్తుందని నా అంచనా.

మీరు ఈ సంక్రాంతికి ఊరు వెళ్ళినప్పుడు రెండు పనులు చేయండి. నూతిలో నీటిమట్టం ఎన్ని అడుగుల లోతున ఉందో తాడు వేసి కొలవండి, మళ్ళీ మే నెలలో మీ చిన్నాన్నగారిచేత కొలిపించండి; రెండుసార్లూ నీళ్ళు నోట పోసుకొని రుచి కూడా చూడమనండి. ఇంటి గడప నుంచి పోటురేఖకు, నది పాయకు ఎంత దూరమో సర్వేయరుచేత రాయించండి. ఆ అంకెలు ఇక్కడ పెడితే రెండు గదులా మూడా అన్నది చెబుతాను.